మానిటర్ ముందు రెండు కుర్చీలు

“ఒక్కటే పెద్దది తీసుకుందాం. ఇరవై ఏడు అంగుళాలు! సినిమా హాల్లా ఉంటుంది,” అన్నాడు లోహిత్.

“వద్దు. రెండు చిన్నవి,” అంది నవనీత తలెత్తకుండానే.

మాదాపూర్‌లోని ఆ ఆఫీసులో ఇద్దరిదీ ఒకే టేబుల్. లోహిత్ ప్రోగ్రాములు రాస్తాడు. పక్క కుర్చీలో కూర్చుని నవనీత వాటిలో తప్పులు వెతుకుతుంది. ఆమె కాంట్రాక్ట్ మీద చేరిన టెస్టర్ కాబట్టి వేరే మానిటర్ ఇవ్వలేదు. ఎనిమిది నెలలుగా ఇద్దరికీ ఓ పాత పదిహేడు అంగుళాల మానిటరే దిక్కు. ఇప్పుడు మేనేజర్ రామ్మోహనరావు కొత్తవి తెప్పిస్తానన్నారు. పెద్దదైతే ఒకటి, చిన్నవైతే రెండు. సోమవారంలోగా తేల్చుకోమన్నారు.

లోహిత్‌కి పెద్దదే కావాలి. రెండు వస్తే నవనీత కుర్చీ టేబుల్ అవతలి కొసకు వెళ్లిపోతుంది. “ఇగో, ఈడ చూడు” అంటూ పెన్నుతో స్క్రీన్ మీద టకటకమని కొట్టేవాళ్లు ఉండరు. ఈ మాట పైకి ఎలా చెబుతాడు?

చెప్పలేక జోక్ వేశాడు. “ఏంటి నవనీతా, రాష్ట్రాన్నే కాదు, టేబుల్‌ని కూడా విడగొట్టాలా?”

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నవనీత మొహం ఎర్రబడింది.

“మా తమ్ముణ్ణి మొన్న క్యాంపస్ నుంచి పట్టుకపోయి ఒక రాత్రంత స్టేషన్ల కూసోబెట్టిండ్రు. మా అమ్మ పది రోజుల సంది రోడ్డు మీదనే ఉంటున్నది. గది నీకు జోకా?”

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు లేవు, రైళ్లు సరిగా లేవు. లింగంపల్లి నుంచి ఆమె కొంత ఆటోలో, కొంత నడిచి ఆఫీసుకు వస్తోంది. ఇవన్నీ లోహిత్‌కు తెలుసు. తమ్ముడి సంగతే తెలియదు. సారీ చెప్పేలోపు ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మాటల్లేవు. జానెడు దూరంలో కూర్చుని ఆమె ఫోన్‌లోంచి ఈమెయిల్ పంపేది. “మూడో పేజీలో బటన్ పనిచేయడం లేదు. రిగార్డ్స్, నవనీత.” ఆ రిగార్డ్స్ చూసినప్పుడల్లా అతనికి ప్రాణం ఉసూరుమనేది.

గురువారం క్లయింట్ నుంచి ఫిర్యాదు వచ్చింది. దరఖాస్తు పేజీ అడుగున లేత బూడిద రంగులో, ‘ఇక్కడ ఏదో ఒకటి రాయాలి’ అని ఇంగ్లీషులో ఓ వాక్యం ఉండిపోయింది. లోహిత్ తన గుర్తు కోసం రాసుకుని తీసేయడం మరిచిపోయినది. అది వేలమంది కస్టమర్ల కళ్లబడింది.

“టెస్టింగ్‌లో ఇంత తేలిగ్గా దొరికే తప్పు ఎలా తప్పిపోయింది?” అన్నారు రామ్మోహనరావు మీటింగ్‌లో.

“చూసిన సార్. కనిపియ్యలే,” అంది నవనీత.

“అక్షరాలు కనిపించకపోవడం ఏంటమ్మా?”

అందరూ నవ్వారు. నెలాఖరుకు ఆమె కాంట్రాక్ట్ పొడిగించాలి. అది ఆలోచిద్దాంలే అన్నారు. లోహిత్ తల వంచుకుని కూర్చున్నాడు. ఆ వాక్యం తనదేనని చెప్పడానికి నోరు రాలేదు. అతని ప్రమోషన్ కూడా ఆ నెలలోనే ఉంది.

శుక్రవారం ఆటోలు కూడా దొరక్క నవనీత రాలేదు. ఆమె నోట్‌బుక్ వెతుకుతూ లోహిత్ మొదటిసారి పక్క కుర్చీలో కూర్చున్నాడు. యథాలాపంగా స్క్రీన్ వైపు చూశాడు. ఆ పేజీయే తెరిచి ఉంది. అడుగున ఏమీ లేదు. తెల్లగా ఉంది.

తన కుర్చీలోకి మారి చూశాడు. వాక్యం ఉంది. మళ్లీ ఇటు వచ్చాడు. లేదు. ఆ పాత మానిటర్‌ని పక్కనుంచి చూస్తే లేత రంగులన్నీ తెల్లబడిపోతున్నాయి.

“జర ఇటు తిప్పవా?” అని ఆమె మొదట్లో రోజూ అడిగేది. అతను కొంచెం తిప్పేవాడు. పనిలో పడి మళ్లీ తన వైపుకు లాక్కునేవాడు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. ఎప్పుడు మానేసిందో కూడా అతనికి గుర్తు లేదు.

బంద్‌లకు పోయిన రోజులకు బదులుగా శనివారం ఒంటిపూట ఆఫీసు పెట్టారు. నవనీత వచ్చేసరికి తన కుర్చీలో రామ్మోహనరావు ఉన్నారు.

“ఏముందయ్యా? అంతా ఖాళీ,” అంటున్నారాయన.

“ఇప్పుడు ఇటు వచ్చి చూడండి సార్,” అన్నాడు లోహిత్ తన కుర్చీ చూపిస్తూ.

ఆయన జరిగి చూసి కళ్లజోడు సవరించుకున్నారు.

“ఆమె కూర్చునే చోటి నుంచి అది కనిపించదు సార్. రాసింది నేను, తీయకుండా వదిలేసింది నేను. మొన్నే చెప్పాల్సింది. భయపడ్డాను.”

“ఇదంతా రాసి నాకు మెయిల్ పెట్టు. ఆమె కాంట్రాక్ట్‌కు ఇబ్బంది లేదులే. నీ ప్రమోషన్ సంగతి మాత్రం ఇంక నేను చెప్పలేను.”

“పెడతాను సార్. మానిటర్లు రెండు చిన్నవి తెప్పించండి.”

నవనీత తలుపు దగ్గరే నిలబడిపోయింది.

మధ్యాహ్నం సన్నగా వాన మొదలైంది. ఆమె గేటు దాటగానే లోహిత్ వెనకే పరుగెత్తాడు.

“ఎటు?” అంది ఆమె.

“లింగంపల్లి.”

“నీ రూమ్ నిజాంపేటల కదా?”

“ఇవాళ లింగంపల్లి మీదుగా వెళ్తాను.”

ఆటో కొండాపూర్ దాకే వచ్చింది. అక్కడి నుంచి నడక. ఆమె దుపట్టా తల మీద కప్పుకుంది. కాసేపటికి అడిగింది.

“పొద్దుగాల గదంత నాకోసం చేసినవా?”

“లేదు. తప్పు నాది, అందుకే చేశాను. ఆ జోక్ కూడా తప్పే. సారీ. నీకోసం చేసింది వేరే ఉంది.”

“ఏంది?”

“పెద్ద మానిటర్ అడగడం. అదొక్కటే ఉంటే రోజూ నా పక్కనే కూర్చుంటావని.”

ఆమె టక్కున ఆగింది. వాన చినుకు ఒకటి ముక్కు మీది నుంచి జారినా తుడుచుకోలేదు.

“ఎనిమిది నెలల సంది నా మెడ గుంజుతున్నది లోహిత్. నువ్వేమో పక్కన కూసుంటే చాలనుకున్నవు.”

“నీ మెడ గురించి ఆలోచించలేదు. నా సంతోషమే చూసుకున్నాను.”

ఆమె కాస్త దూరం నడిచి వెనక్కి తిరిగింది.

“రెండు మానిటర్లు వస్తే నేను కుర్చీ దూరం జరుపుకుంటనని నీకెవరు చెప్పిండ్రు?”

లోహిత్ రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. “నడువు, తడుస్తున్నవు,” అంది ఆమె. గొంతులో కోపం ఎక్కడా లేదు.

లింగంపల్లి చేరేసరికి వాన వెలిసింది. సమ్మెకు మద్దతుగా కాలనీ వాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకు తింటున్నారు. గరిటె పట్టుకుని వడ్డిస్తున్నావిడ నవనీత తల్లి మల్లమ్మ.

“అమ్మా, ఈయన లోహిత్. మా ఆఫీసు.”

“ఏ ఊరు బిడ్డా?”

చుట్టూ నలుగురైదుగురు తలలు తిప్పి చూశారు. హైదరాబాదే అనేస్తే సరిపోయేది.

“తణుకండి,” అన్నాడు లోహిత్.

గరిటె గాల్లో ఆగింది. మల్లమ్మ అతన్ని చూసింది. ఎవరినీ ఇంతవరకూ వెంటబెట్టుకు రాని కూతుర్ని చూసింది. నవనీత తల దించుకోలేదు.

“కూసో,” అంది మల్లమ్మ విస్తరి పరుస్తూ. “తిన్నంక మాట్లాడుదం.”

మొదటి ముద్దకే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏంది బిడ్డా, మాటనే మొదలుపెట్టకపోతి, అప్పుడే ఏడుస్తున్నవు?”

“కారమండి.”

“అలవాటైతది తియ్,” అంటూ మల్లమ్మ ఇంకో గరిటెడు వేసింది.