చేతికి తెలిసిన గడ్డలు

నాచారం బస్తీలో మంచాల కిందికి నీళ్లొచ్చిన పెద్ద వరద రెండువేల సంవత్సరంలోది. దాని మరుసటి ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో జరిగింది ఇది.

బుచ్చిరాములు బిడ్డ స్వర్ణలత పెళ్లయి మూడేండ్లు. పుట్టింటికి వచ్చిన బిడ్డకు ముందురోజే ఒడిబియ్యం పోశారు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు మూటగట్టి గూట్లో పెట్టింది తల్లి వెంకటనర్సమ్మ. ఆ మూట అత్తగారింటికి పోవాలి, అక్కడే వండాలి. పుట్టింట్లో వండితే బిడ్డ కాపురం చెడుతుందని బస్తీలో చిన్నపిల్లకు కూడా తెలుసు. మధ్యాహ్నానికి అల్లుడు దయాకర్ పీర్జాదిగూడ నుంచి వచ్చి తోలుకపోతాడు.

"నాయినా, పోయిన నెల మెట్ల మీద పడ్డ గదా, కుడిచెయ్యి ఇంక గుంజుతాంది. జర తోముతవా?" అంది స్వర్ణ.

బుచ్చిరాములు మాట్లాడే మనిషి కాదు. ముప్పై ఏండ్లు మల్లాపూర్ గోదాములో బస్తాలు మోసినవాడు. తోటి హమాలీలకు ఎక్కడ బెణికినా, కమిలినా అతనే నూనెతో తోమి సున్నం-పసుపు పట్టు వేసేవాడు. బిడ్డకూ వేశాడు. నిరుడు బోనాలకు ఒకసారి, దసరాకు ఒకసారి. అప్పుడూ మెట్లే.

నూనె వెచ్చజేసి మోచేతి పైన రెట్ట పట్టుకున్నాడు. తోలు మీద మచ్చ లేదు. తోలు కింద గడ్డ తగిలింది, చింతగింజంత. కమిలిన నెత్తురు లోపలే గట్టిపడి మిగిలిపోయింది. దాని పక్కన ఇంకొకటి. మొత్తం నాలుగు, ఒకే వరుస. అతని నాలుగు వేళ్లు నాలుగింటి మీదా కుదురుగా కూర్చున్నాయి. అవతలి పక్కకు పోయిన బొటనవేలికి అయిదోది తగిలింది.

చెయ్యి ఆగిపోయింది.

"మెట్లకు వేళ్లుంటయా బిడ్డా?"

"ఏందయ్యా గా మాటలు, పోయే ముంగట!" వంటింట్లోంచి కసిరింది వెంకటనర్సమ్మ.

స్వర్ణ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నీకు ఎర్కనే అనుకున్న నాయినా. బోనాలకు నువ్వే తోమితివి. నీ చేతికి తెల్వనిది ఉంటదా? తెలిసే, మానిపి మళ్ల పంపుతున్నవనుకున్న."

బుచ్చిరాములుకు తెలుసు. పడ్డవాళ్లకు మోచెయ్యి పగులుతుంది, మోకాలు పగులుతుంది. రెట్ట లోపలి కండ కమలదు. బోనాలనాడే అతని వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మెట్లన్న మాట ఆసరా చేసుకుని అతనే వాటిని ముందుకు జరిపాడు.

"నాకన్న జెప్పకపోతివి గదనే!" బయటికొచ్చింది తల్లి.

"రెండుసార్లు జెప్పిన అమ్మా. సర్దుకపోవాలె అంటివి."

వెంకటనర్సమ్మ గడప మీదే కూలబడింది.

దయాకర్ నవ్వుకుంటూ వచ్చాడు. "ఏం మామా, మూట తయారేనా? నేను మోస్తనా, హమాలీని పిలువాల్నా?"

"చెయ్యి సూపు."

"ఏంది, జాతకమా?"

బుచ్చిరాములు ఆ చేతిని నూనె చేత్తో పట్టుకున్నాడు. ఒక్కొక్క వేలూ తడిమాడు. వదిలేశాడు.

"గీ అయిదు వేళ్లు నా బిడ్డ రెట్టల ఉన్నయి. పో."

దయాకర్ ముఖం మాడింది. "ఒడిబియ్యం పోసి బిడ్డను ఆపుకుంటరా? నలుగురు మొఖాన ఉమ్ముతరు!"

"ఉమ్మనీ."

దయాకర్ ఒక్కడే తిరిగిపోయాడు. ఆ పూట ఆ ఇంట్లో ఎవరూ తినలేదు. స్వర్ణ గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

తెల్లారి బుచ్చిరాములు అందరికంటే ముందు లేచాడు. ఏనాడూ వంట ఎరగని మనిషి స్టవ్వు ముట్టించాడు. గూట్లో మూట విప్పి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు ఏరి పక్కన పెట్టాడు. పసుపు బియ్యం కడిగి ఎసట్లో పోశాడు. వెంకటనర్సమ్మ చూసి వద్దని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించి, గంటె తెచ్చి ఇచ్చింది.

అన్నం కొంచెం అడుగంటింది. పళ్లెంలో పెట్టుకుని బిడ్డ పక్కన కూర్చున్నాడు. ఆమెకు కుడిచెయ్యి నొప్పి కదా, తనే ముద్ద కలిపి నోటికి అందించాడు.