డ్యూటీలో ఉన్న అంతోని

పటమటలో పాత రైసుమిల్లు గోడౌను ఒకటి ఉండేది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ పక్క రోడ్డు మీద సైకిలు మీద పోయేవాడు కూడా కాలు కింద పెట్టేవాడు కాదు. రిక్షావాళ్ళయితే బెంజి కంపెనీ దగ్గరే ఆపేసి, "ఇక్కణ్ణించి నడిచి పోండమ్మా, అటు నేను రాను" అనేవాళ్ళు.

ఆ గోడౌన్లో దెయ్యం ఉంది. చెట్టు మీదా కాదు, నూతిలోనూ కాదు... కంప్యూటర్లో.

నవ్వకండి. ఇది నాకు దానమ్మగారు చెప్పిన మాట. ఆవిడ అబద్ధం ఆడగా నేనెప్పుడూ చూడలేదు.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు సంగతి. ఆ గోడౌన్ని బాగుచేసి, గోడలకు సున్నం కొట్టి, ఓ విత్తనాల సహకార సంఘం తన కంప్యూటరు పెట్టుకుంది. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన యంత్రం అది. నాలుగు బీరువాలంత ఉండేదట. దాని ముందు ఒక బల్ల. బల్ల మీద వరసగా మీటలు, ఎర్రదీపాలు, పక్కనే ఒక టైపు మిషను. యంత్రం ఏదైనా చెప్పదలచుకుంటే ఆ టైపు మిషను తనంతట తనే టకటకా కొట్టి కాగితం మీద చూపిస్తుంది. దాన్ని కన్సోలు అనేవాళ్ళు.

దానమ్మ అక్కడ యంత్రం చదివే కార్డులకు చిల్లులు కొట్టే పంచింగు ఆపరేటరు. వాళ్ళన్నయ్య అంతోని కన్సోలు దగ్గర రాత్రి డ్యూటీ. ఇద్దరికీ ఆ ఉద్యోగాలు ఇప్పించింది ఇంజనీరు వెంకటకృష్ణారావుగారు. దేవుడు లాంటి మనిషి అని పేరు. గుణదల తిరునాళ్ళకు వీళ్ళింటికి వచ్చి భోంచేసేవాడు. అంతోనిని "ఒరే తమ్ముడూ" అని పిలిచేవాడు.

ఉప్పెన పోయాక, కొట్టుకుపోయిన ఊళ్ళకు మళ్ళీ నాటుకోవడానికి విత్తనం పంచాలి. ఏ ఊరికి ఏ వంగడం, ఎంత, ఏ లారీలో — ఆ లెక్కంతా ఆ యంత్రానికి ఎక్కించారు. రాత్రింబవళ్ళు ఎక్కించారు. పని పూర్తయ్యేలోపు ఒక రాత్రి యంత్రం బిగుసుకుపోయింది. అప్పుడు డ్యూటీలో ఉన్నది అంతోని.

తెల్లారేసరికి లెక్కంతా పోయింది. ఒక్క అక్షరం మిగల్లేదు. మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించేసరికి అదను దాటిపోయింది. ఊళ్ళకు ఊళ్ళు బీడు పెట్టుకుని కూర్చున్నాయి. రైతులు గోడౌను మీదికి వచ్చి అద్దాలు పగలగొట్టారు.

ఎంక్వయిరీలో వెంకటకృష్ణారావుగారు తలొంచుకుని చెప్పారు. "కరెంటు తియ్యొద్దని ఫోన్లో చెప్పాను. కుర్రాడు కంగారుపడి పెద్ద రీసెట్టు కొట్టేశాడు. కరెంటు తీసేస్తే యంత్రం బుర్రలో ఉన్నదంతా పోతుంది కదండీ."

అంతోని ఒకటే మాట అన్నాడు. "సారే తియ్యమన్నారు. తీస్తే ఏం కాదన్నారు."

ఎవరు నమ్ముతారు? కమిటీ నమ్మలేదు. వీధి నమ్మలేదు. ఇంట్లో తల్లి శౌరమ్మ కూడా, "అంత మంచాయన మీద నింద వేస్తావేంట్రా" అని కంచం ముందు పెట్టి మొహం తిప్పుకుంది. దానమ్మా తల వంచుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఉద్యోగం పోయింది. ఇంకొన్నాళ్ళకు బందరు కాలువ లాకుల దగ్గర అంతోని శవం తేలింది. కాలు జారాడో... దూకాడో... చూసినవాళ్ళు లేరు.

సమాధి దగ్గర అందరికంటే ఎక్కువ ఏడ్చింది వెంకటకృష్ణారావుగారే.

అది జరిగిన తర్వాత మొదలైంది. రాత్రిపూట గోడౌన్లో ఎవరూ ముట్టుకోకుండా టైపు మిషను కొట్టుకుంటోందని. వాచ్‌మన్ పుల్లయ్య కిటికీలోంచి చూశాడు. కుర్చీ ఖాళీ... దీపాలు మాత్రం ఆరుతూ వెలుగుతూ... కాగితం మెల్లగా పైకి జరుగుతూ. పొద్దున కాగితం చదివినవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చయి ఉంది —

అంతోని ఆన్ డ్యూటీ.

రాత్రి డ్యూటీకి వచ్చినవాడల్లా వారం తిరక్కుండా మానేశాడు. చివరికి మరియదాసు అనే ధైర్యస్థుణ్ణి తెచ్చారు. అతను మెళ్ళో సిలువ, జేబులో జపమాల పెట్టుకుని కూర్చునేవాడు.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం. కాలువలు పొంగేటంత వాన. దానమ్మ పని ముగించుకుని బయటికి వచ్చేసరికి రోడ్డు లేదు, నీళ్ళే. బస్సు రాలేదు. పుల్లయ్య గేటు దగ్గర గుడ్డి లాంతరు పెట్టుకుని, "ఇప్పుడెక్కడికి పోతావమ్మా, లోపలే ఉండు" అన్నాడు.

లోపల మరియదాసు యంత్రం నడుపుతున్నాడు. దానమ్మ అద్దాల తలుపు ఇవతల బల్ల మీద కూర్చుంది. చీకటి పడింది. వాన తగ్గలేదు. మెరుపు మెరిసినప్పుడల్లా నాలుగు బీరువాలూ నలుగురు మనుషుల్లా కనపడుతున్నాయి...

కరెంటు పోయింది.

అంతా నిశ్శబ్దం. ఫ్యాన్ల హోరు ఆగిపోయేసరికి చెవులు గుయ్యిమన్నాయి. మరియదాసు గొణుగుడు ఒక్కటే వినపడుతోంది — "మరియమ్మ తల్లీ... మరియమ్మ తల్లీ..."

కరెంటు వచ్చింది.

మరియదాసు చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. దానమ్మ కళ్ళారా చూసింది. అయినా టైపు మిషను కదిలింది. టక్... టకటక... టక్.

అతను కాగితం వైపు వంగి చూశాడు. కుర్చీ వెనక్కి పడింది. దానమ్మ పక్కనించే పరుగెత్తాడు, ఆమెను చూడనుకూడా చూడలేదు. గేటు చప్పుడైంది. వానలో కలిసిపోయాడు.

దానమ్మ లేచింది. పారిపోవాలనే అనిపించిందట. కానీ లోపల ఉన్నది దెయ్యమైనా... తన అన్నయ్యేగా?

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కాగితం మీద ఆ మూడు ముక్కలే. అంతోని ఆన్ డ్యూటీ. దీపాలు కదలకుండా నిలబడి ఉన్నాయి. యంత్రం మళ్ళీ బిగుసుకుపోయింది. ఈసారి ఎక్కించింది ఖరీఫు విత్తనాల లెక్క. మళ్ళీ పోతే మళ్ళీ ఊళ్ళు ఎండుతాయి.

ఫోను తిప్పింది.

"హలో... సార్, నేను దానమ్మని."

"ఏంటమ్మా ఈ వేళప్పుడు? ఎక్కణ్ణించి?" అన్నారు వెంకటకృష్ణారావుగారు.

ఆమె చెప్పింది. మరియదాసు పారిపోయాడనీ, యంత్రం ఆగిపోయిందనీ. కాగితం మీద ఉన్నది మాత్రం చెప్పలేదు.

"కంగారు పడకు. నేనున్నాగా. ఫోను తీగ పొడుగ్గానే ఉంది, కన్సోలు దగ్గరికి పట్టుకెళ్ళు. ఎడమ చేతి వైపు తెల్ల బటను ఉంటుంది. చిన్న రీసెట్టు. ఒక్కసారి నొక్కి వదిలెయ్. కరెంటు పోదు, ఏమీ కాదు. చేస్తున్న పని ఆపేసి మళ్ళీ మొదట్నుంచీ లేచి నిలబడుతుంది, అంతే."

నొక్కింది. దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి.

టక్... టకటక... టక్.

అంతోని ఆన్ డ్యూటీ.

"సార్..." అంది. "సార్, అన్నయ్య..."

"ఏంటి?"

"అన్నయ్య పేరు కొడుతోంది సార్."

అవతల చిన్న నవ్వు. "ఓ, అదా. భయపడకు. తాళంచెవి ఉంటుంది చూడు, కుడి చేతి వైపు. దాన్ని పూర్తిగా తిప్పెయ్. అది పెద్ద రీసెట్టు. మొత్తం కరెంటు పోతుంది. కాసేపాగి మళ్ళీ తిప్పు."

తాళంచెవి మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. ఈ తాళంచెవి తిప్పినందుకే అన్నయ్య పోయాడు.

"తిప్పితే... లెక్క పోదా సార్?"

"పోదు. తిప్పమ్మా."

తిప్పింది. యంత్రం ప్రాణం పోయినట్టు ఆగిపోయింది. మెరుపుల వెలుతురులో ఆమె, ఫోనూ... అంతే. ఆ చీకట్లో ఆమె అనుకుందట — ఇప్పుడు వెళ్ళిపోయి ఉంటాడు. వెళ్ళిపోతే బావుణ్ణు. వెళ్ళకపోతే బావుణ్ణు.

మళ్ళీ తిప్పింది. ఫ్యాన్లు లేచాయి. దీపాలు లేచాయి.

టక్... టకటక... టక్.

దానమ్మ అరిచింది. "సార్! చంపి లేపినా ఉన్నాడు సార్! ఇక్కడే ఉన్నాడు!"

"అమ్మాయ్! అమ్మాయ్, విను. దెయ్యమూ లేదు, భూతమూ లేదు." ఆయన గొంతు మెత్తగా, చిన్నపిల్లకు చెప్పినట్టు ఉంది. "కరెంటు పోయి వచ్చినా, రీసెట్టు కొట్టినా ఎవరు డ్యూటీలో ఉన్నారో కొట్టమని, లెక్క మళ్ళీ ఎక్కించిన రోజుల్లో మీ అన్నయ్యే దాంట్లో రాసిపెట్టాడు. యంత్రం బుర్రలో ఒక మూలన ఉంది. మేమెవరం దాన్ని కదపలేదు. వానాకాలం కరెంటు ఊరికే పోయి వస్తుంటుంది కదా, వచ్చినప్పుడల్లా కొడుతుంది. అంతే."

"కరెంటు తీసేశాం కదా సార్. మొత్తం తీసేశాం. అయినా ఎలా ఉంది?"

"దాని బుర్ర నిండా చిన్న చిన్న ఇనప పూసలమ్మా, తీగలకు గుచ్చి ఉంటాయి. ఒక్కో పూసా ఒక్కో అయస్కాంతం. కరెంటు పోయిందని అయస్కాంతం ఊరుకుంటుందా? ఏది ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. వంద సార్లు తిప్పు, ఒక్క అక్షరం పోదు. కావాలని తుడిస్తే తప్ప. దానికి వేరే ఎర్ర బటను..."

ఆయన ఆగిపోయారు.

వాన చప్పుడు. ఫోన్లో కూడా వాన చప్పుడే.

దానమ్మకు మొదట ఏమీ తట్టలేదట. ధైర్యం వచ్చింది, ఊపిరి తిరిగింది. "అమ్మయ్య" అని కూడా అంది. ఆ తర్వాత మెల్లగా... పాదాల దగ్గర్నించి చలి ఎక్కడం మొదలైంది.

"సార్," అంది. "మరి అన్నయ్య తిప్పినప్పుడు?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"సార్... అన్నయ్య కరెంటు తీసినప్పుడు లెక్క ఎలా పోయింది?"

"రేపు మాట్లాడదాం" అన్నాడు వెంకటకృష్ణారావు. ఫోను పెట్టేశాడు.

ఆ రాత్రంతా దానమ్మ కన్సోలు ముందు కుర్చీలోనే కూర్చుంది. భయం వెయ్యలేదట. అన్నయ్య కుర్చీ అది. రెండు మూడు సార్లు కరెంటు పోయి వచ్చింది. వచ్చినప్పుడల్లా టైపు మిషను కొట్టింది. కొట్టినప్పుడల్లా ఆమె, "ఆఁ, ఉన్నాలే అన్నయ్యా" అంది.

ఇంకా వెలుగు రాకముందే గేటు దగ్గర నీళ్ళలో అడుగుల చప్పుడైంది. ఆయన తడిసి ముద్దయి లోపలికి వచ్చాడు. దానమ్మను చూసి ఒక్క క్షణం గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఉంటుందనుకోలేదు.

ముందు లెక్కల కాపీ దాచే టేపు పెట్టి, ఖరీఫు లెక్క దాని మీద ఉందని చూసుకుని, కన్సోలు దగ్గరికి వచ్చాడు. ఎర్ర బటను మీద మూత ఎత్తాడు.

"ఆవేళ కూడా ఇలాగే వచ్చారా సార్?" అంది దానమ్మ. "తెల్లారకముందే?"

ఆయన చెయ్యి ఆగింది. నీళ్ళు జుట్టులోంచి బల్ల మీద కారుతున్నాయి.

"టేపు మీద ఇంకో కాపీ ఉందనుకున్నాను దానమ్మా" అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "మీ అన్నయ్య పక్క గదిలో కునుకు తీస్తున్నాడు, లేపకుండా తుడిచేసి కొత్తగా మొదలుపెడదామని నొక్కాను. నొక్కాక చూస్తే టేపు ఖాళీ." మొహం తుడుచుకున్నాడు. "నాకు ఇద్దరు చిన్నపిల్లలు. కుర్రాడు, ఇంకో ఉద్యోగం చూసుకుంటాడులే అనుకున్నాను. కాలవ దాకా పోతాడని నాకేం తెలుసు?"

"చెప్పండి సార్. కమిటీకి చెప్పండి. పోయినవాణ్ణి ఎట్లాగూ తేలేరు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "రాత్రి నీతో ఏమన్నానో నాకు గుర్తు లేదు" అన్నాడు. బటను నొక్కాడు.

దీపాలు ఒక వరస తర్వాత ఒక వరస ఆరిపోయాయి.

ఆయన వెళ్ళి తన గదిలో కూర్చున్నాక, దానమ్మ తాళంచెవి తిప్పింది. ఆగింది. మళ్ళీ తిప్పింది. ఫ్యాన్లు లేచాయి. దీపాలు లేచాయి. ఆమె టైపు మిషను మీద చెవి పెట్టి వింది... ఏమీ లేదు. ఇంకోసారి తిప్పింది. ఏమీ లేదు.

"అన్నయ్యా" అని పిలిచింది. కాగితం కదల్లేదు.

పొద్దెక్కేసరికి మరియదాసు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. పుల్లయ్య అందరికీ చెబుతున్నాడు — రావుగారు వానలో పడి వచ్చారు, ఏదో బటను నొక్కారు, దెయ్యం వదిలిపోయింది. నిజంగానే ఇక ఆ మిషను ఆ పేరు కొట్టలేదు. గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టారు. రావుగారి మెళ్ళో బంతిపూల దండ వేశారు. ఆయన వద్దు వద్దంటూనే తల వంచాడు.

దానమ్మ చేతిలో కూడా ఎవరో ఒక కొబ్బరి చెక్క పెట్టారు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, అటునించి అటే రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గేటు లోపలికి అడుగుపెట్టలేదు. కమిటీ వాళ్ళకు చెప్పి చూసింది. అన్న పోయిన దిగులుతో మతి చలించిందన్నారు. రావుగారు ఆ ఏడే పెద్ద ఉద్యోగం మీద హైదరాబాదు వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున మాత్రం ఆమె మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఇంటికి చేరింది. శౌరమ్మ పొయ్యి ఊదుతోంది.

"అమ్మా," అంది దానమ్మ గుమ్మంలోనే నిలబడి. "అన్నయ్య నిజమే చెప్పాడు."

శౌరమ్మ ఊదుగొట్టం కింద పెట్టేసిందట. పొయ్యి ఆరిపోయి, పొగ ఇల్లంతా కమ్ముకున్నాక అడిగిందట —

"నమ్మానని ఇప్పుడు వాడికెవరు చెప్తారే?"