బయటికి వెళ్లినవాడి కార్డు

సెలవు రోజు మధ్యాహ్నం. ఆఫీసుల భవనమంతా ఖాళీ. నేలమాళిగలోని కంప్యూటర్ గదిలో మాత్రం ఏసీ గుయ్యిమంటోంది. పేరుకున్న దుమ్ము వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన కలిసిపోయాయి.

"ఒరే స్క్రూ, మీ అక్క భోజనానికి ఎదురుచూస్తోంది. త్వరగా కానియ్," అన్నాడు బావ. ఆ భవనానికి సెక్యూరిటీ సూపర్‌వైజరు ఆయన. బావమరిది జేబులో పెన్ను బదులు ఎప్పుడూ స్క్రూడ్రైవరే ఉంటుందని ఆ పేరు తగిలించిందీ ఆయనే.

"ఇది టైరు మార్చడం కాదు బావా. కాసేపు నోరు మూసుకో."

ఎదురుగా ఉన్న కంప్యూటర్ పెట్టెలో రెండు డిస్కులున్నాయి. ఒకదానిలో ఏం రాస్తే రెండోదానిలోనూ అదే పడుతుంది, అద్దంలో బొమ్మలాగ. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. కెమెరాల రికార్డింగులు, తలుపులు తీసే కార్డుల వివరాలు అన్నీ వాటిలోనే. కొన్నాళ్లుగా ఒకటి టిక్కుటిక్కుమంటోంది.

"పొరపాటున మంచిదాన్ని లాగావనుకో?"

"తలుపు కూడా తెరుచుకోదు. సెలవులయ్యేదాకా నువ్వూ నేనూ ఇక్కడే కాపురం."

"అమ్మో. మీ వంశంలో ఒకరితో వేగడమే గగనంగా ఉంది."

స్క్రూ పనిలో పడ్డాడు. ముందు మొత్తం సమాచారాన్ని విడిగా ఇంకో డిస్కులోకి తీసి, అది తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాడు. చెడినదాని నంబరు తెరమీద చదివాడు. డిస్కు అంచున ఉన్న నంబరుతో ఒక్కో అంకె పోల్చాడు. ఒంట్లోని కరెంటు డిస్కుకి తగలకుండా మణికట్టుకి ఎర్తు పట్టీ కట్టుకుని, చెడినదాన్ని కొద్దిగా బయటికి లాగి, లోపలి చక్రం తిరగడం ఆగేదాకా పట్టుకుని ఉన్నాడు. తర్వాత పూర్తిగా తీసి కొత్తది తోశాడు. టక్కుమని కూర్చుంది. పెట్టెలో మిగిలిన మంచి డిస్కులో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కడం మొదలైంది.

"ఇది పూర్తయ్యేదాకా ఏదీ ముట్టుకోకూడదు," అన్నాడు.

"అయితే పైన గేట్లు చూసొస్తా." బావ కార్డు చూపించి వెళ్లాడు. బరువైన తలుపు మెల్లగా మూసుకుంది.

స్క్రూ కుర్చీలో వాలి, కెమెరాలు చూపించే తెరవైపు చూశాడు. వరండాలో బావ నడుస్తున్నాడు. పక్కన ఇంకొకడు.

చారల చొక్కా. భుజాన సంచీ. మెడలో విజిటర్ కార్డు.

తనే.

పాత రికార్డింగేమో అనుకున్నాడు. కానీ ఈ చొక్కా ఇవాళే మొదటిసారి వేసుకున్నాడు. తెరమీద గడియారం ఇప్పటి సమయమే చూపిస్తోంది. బావ ఏదో జోకు వేసి వాడి వీపుమీద చరిచాడు. వాడు నవ్వాడు.

స్క్రూ లేచి తలుపు దగ్గరికి వెళ్లి కార్డు పెట్టాడు. ఎర్ర దీపం.

మళ్లీ పెట్టాడు. కింద చిన్న తెరమీద అక్షరాలు వచ్చాయి. 'ఈ వ్యక్తి బయటికి వెళ్లారు.'

ఒకే కార్డుతో ఇద్దరు దూరకుండా బావ పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటది. లోపల ఉన్నట్టు లెక్కకి వస్తేనే తలుపు బయటికి వదులుతుంది. వెళ్లిపోయినవాడు మళ్లీ వెళ్లలేడు.

బల్లమీది ఫోను తీసి బావకి కలిపాడు.

"బావా, నేనే. తలుపు తియ్యి."

"నేనంటే ఎవరు?"

"స్క్రూని. కింద ఇరుక్కుపోయాను."

అవతల కారు తలుపు వేసిన చప్పుడు. తర్వాత బావ గొంతు తగ్గిపోయింది.

"వాడు నా పక్క సీట్లో ఉన్నాడు. ఎవర్రా నువ్వు?"

"బావా... డ్రైవింగు పరీక్ష నువ్వు రెండుసార్లు తప్పావని అక్కకి తెలీదు. నాకొక్కడికే చెప్పావు. గుర్తుందా?"



"ఆ మాటే..." బావ గుసగుసలాడాడు. "ఇప్పుడే వీడూ అన్నాడు."

ఫోను చేతులు మారింది. స్క్రూ తన గొంతు తనే విన్నాడు. కోపం లేదు. తొందర లేదు.

"కదలకు. ఇంకా కొంచెమే మిగిలింది."

కట్ అయింది. మళ్లీ కలిపితే మోగలేదు.

కొత్త డిస్కు పక్కన దీపం మిణుకుమిణుకుమంటోంది. ఎక్కడం ముప్పావు వంతు దాటింది. లాగేస్తే ఆగుతుంది... చెయ్యి చాచాడు. వేళ్లు మొద్దుబారాయి. ఆగేదెవరు? వాడా, తనా? డిస్కు మీదైతే నంబరుంటుంది. మనిషి మీద...

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తెరమీద కారు గేటు దాటింది. ఇక భవనంలో పిలిస్తే పలికేవాడు లేడు.

తలుపు పక్కన గాజు మూత కింద ఎర్ర బొత్తాం ఉంది. అగ్నిప్రమాదమైతే తలుపు తెరవడానికి పెట్టింది. మూత పగలగొట్టి నొక్కాడు. సైరను మోగలేదు. చిన్న తెర మాత్రం వెలిగింది.

'లోపల మనుషులున్నారేమో చూస్తున్నాం. దయచేసి వేచి ఉండండి.'

లెక్కలో తను లేడని స్క్రూకి తెలుసు. సున్నా వస్తే తలుపు తెరుచుకోదు. ఒకటి రావాలి. తనొక్కడు ఉన్నట్టు తేలితే చాలు. నుదురు తలుపుకి ఆనించి, గొణుగుతూ దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

ఎక్కడం పూర్తయినట్టు వెనక కొత్త డిస్కు ఒకసారి బీప్‌మంది. ఏసీ ఆగిపోయింది. గదిలో అంత నిశ్శబ్దం అతను ఎప్పుడూ వినలేదు.

తెరమీద అక్షరాలు మారాయి.

'లోపల ఉన్నవారు: ఇద్దరు.'

అతను వెనక్కి తిరగలేదు.