ఎర్ర గీత

తలుపు తీసిన చప్పుడుకే అత్తగారికి అర్థమైపోయింది, ఈ ఆదివారం కూడా కోడలి సైకిలు సాధన బాగా సాగలేదని. హెల్మెట్ సోఫాలోకి ఎగిరింది. బూట్లు ఒకటి ఇటు, ఒకటి అటు పడ్డాయి. సైకిల్ని మాత్రం కోడలు జాగ్రత్తగా బాల్కనీ గోడకి చేరేసింది. పాపం, దానిదేం తప్పు?

"ఎలా తొక్కావమ్మాయ్?"

"అడక్కండి అత్తయ్యా."

"అడక్కపోతే నన్నెవరూ పట్టించుకోరంటావు. అడిగితే అడక్కండంటావు. ఇంతకీ నేనేం చెయ్యాలో ఒక కాగితం మీద రాసి అంటించి వెళ్లు."

మామూలు రోజైతే నవ్వేసేది. ఆ రోజు ఒళ్లు మండిపోయింది. "మీకు అన్నీ వేళాకోళమే!" అని గట్టిగా అరిచేసి, అరిచినందుకు మళ్లీ తనమీద తనే విసుక్కుంటూ నేల మీద చతికిలబడింది.

కళ్లజోళ్ల షాపులో రోజంతా జనాల చూపు పరీక్షించే మనిషికి నలభై దాటాక ఈ పిచ్చి పట్టింది. ముందు ఈత, ఒంటి మీది తడి ఆరకముందే సైకిలు, దిగీ దిగగానే పరుగు. మూడూ ఒకే పూటలో, ఒకే పందెంలో. దాన్ని ట్రయథ్లాన్ అంటారని అత్తగారికి ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి నోరు తిరగదు. "ఈదీ, తొక్కీ, పరిగెత్తీ చివరికి బయల్దేరిన చోటికే వస్తారు కదా, దానికింత హైరానా ఎందుకే?" అంటుంది.

కిందటేడు పందెం రోజున సగం దూరంలో, కొండ దిగుడు మలుపులో సైకిలు మీంచి పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. ఈసారి ఎలాగైనా పూర్తి చెయ్యాలని పట్టుబట్టి సాధన మళ్లీ మొదలుపెట్టింది, సైకిలు అదే కొండ దారిలో. ఈత బాగుపడింది. పరుగులో ఆయాసం తగ్గింది. ఎటొచ్చీ సైకిలే, నెల రోజులుగా రోజురోజుకీ వెనక్కి వెళ్తోంది. సైకిలు భాగం గడువులోపల ముగించనివాళ్లని పందెంలో అక్కడికక్కడే ఆపేస్తారు, పరుగు దాకా పోనివ్వరు. ఆ గడువు ఆమెకి ఇప్పుడు కలలోకి కూడా వస్తోంది. పందెం చూస్తే మీద పడింది.

ఫోను మోగింది. కోచ్.

"మేడమ్, ఇవాళ్టి టైము చూశాను. పోయిన వారం కంటే ఇంకా ఎక్కువ పట్టింది."

"తెలుసు సార్."

"బండి ఒకసారి ఎవరికైనా చూపించారా?"

"మావారే చూస్తారండీ. లిఫ్టుల మెకానిక్కు కదా, బయటివాళ్ల చెయ్యి పడనివ్వరు." ఆ మాట చెప్తున్నప్పుడు మాత్రం ఆమె గొంతులో కాస్త గర్వం పలికింది.

"అయితే మీ కాళ్లే అలిసిపోయుంటాయి. ఈ ఏడాదికి పేరు వెనక్కి తీసుకోవడం మంచిదేమో. సాయంత్రం దాకా ఆలోచించుకుని చెప్పండి."

ఫోను పెట్టేసేసరికి భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట, ఆదివారమైనా తప్పదు. విషయం విన్నాడు.

"పోనీలే," అన్నాడు. "వచ్చే ఏడాది చూసుకోవచ్చు. ఆరోగ్యం కంటే ఎక్కువా?"

ఓదార్పే. కానీ ఆ 'పోనీలే' మరీ తొందరగా వచ్చేసింది. మోయలేని బరువేదో దింపుకున్నవాడిలా ఉంది అతని మొహం. ఆమెకి చివుక్కుమంది. నేను ఓడిపోతే ఈయనకి ఇంత హాయిగా ఉందేమిటి? అడుగుదామనుకునేలోపు అతను మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నానికి ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. సైకిలు కడిగి తుడిచి ఎవరికైనా ఇచ్చేయాలి. కళ్లెదురుగా ఉంటే మళ్లీ మనసు లాగుతుంది. బకెట్టు, పాతగుడ్డ తెచ్చి, సైకిల్ని బాల్కనీలో తలకిందులుగా నిలబెట్టింది.

"అయ్యో, అది కూడా నువ్వే కడగాలా? వాణ్ణి రానీ," అంది అత్తగారు బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుంటూ. "నువ్వు స్నానానికి వెళ్లడమే ఆలస్యం, పానా పట్టుకుని దాని ముందు కూలబడతాడు. సైకిలుకి సేవలు చేస్తాడు గానీ నా మోకాళ్లు ఒక్కరోజు పట్టాడా?"

"రోజూనా అత్తయ్యా?"

"రోజూ కాకపోయినా తరచూనే. అదృష్టవంతురాలివి."

ఆమె వెనకచక్రాన్ని ఊరికే ఒక్క తిప్పు తిప్పింది. కాస్త తిరిగి, సణుక్కుంటున్నట్టు చప్పుడు చేసి, ఆగిపోయింది. మళ్లీ గట్టిగా తిప్పింది. మళ్లీ ఆగిపోయింది. వంగి చూస్తే బ్రేకు రబ్బరు చక్రాన్ని ఒరుసుకుంటూ ఉంది. దాన్ని పట్టి ఉంచే బోల్టు మీద ఎర్ర గీత!

ఆ గీత ఆమెకి కొత్త కాదు. లిఫ్టులో బోల్టు బిగించిన ప్రతిసారీ, దాని మీంచి పక్క రేకు మీదకి ఎర్రరంగుతో ఒక గీత గీయడం లిఫ్టు మెకానిక్కుల పద్ధతి. బోల్టు కదిలితే గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది, తెలిసిపోతుంది. అతనికది ఎంత అలవాటంటే, ఇంట్లో కుక్కర్ పిడికీ, అత్తగారి కుర్చీకీ కూడా గీతలే. ఇక్కడ ఒక్కటి కాదు. ఒక గీత విరిగి, దాని పక్కన ఇంకోటి విరిగి, దాని పక్కన మరోటి. చివరిది మాత్రం విరగలేదు, తాజాగా ఉంది. కొద్దికొద్దిగా, కొద్దికొద్దిగా బిగిస్తూ వచ్చాడు. దొంగపని చేస్తూ కూడా గీత పెట్టకుండా ఉండలేకపోయాడు మహానుభావుడు!

గుడ్డ చేతిలోంచి జారిపోయింది. ఊరివాళ్లకంతా కళ్లజోళ్లు పెట్టే తనకి ఇంట్లో సైకిలు మీది గీత కనిపించలేదు.

అతను సాయంత్రం సంచి భుజాన వేసుకుని వచ్చేసరికి సైకిలు అలాగే తలకిందులుగా ఉంది. ఆమె పక్కన నిలబడి ఉంది.

"ఈ గీత ఎవరిది?"

అతను చూశాడు. సొంత గీతని కాదనడం అతనివల్ల కాలేదు. "నాదే."

"నెల రోజులు! నేను ముసలిదాన్నయిపోయాననుకున్నాను. నా కాళ్లని తిట్టుకున్నాను. మీ అమ్మ మీద అరిచాను. రాత్రి నొప్పులని మూలుగుతుంటే మీరు నూనె రాసి కాళ్లు పట్టారు. బ్రేకు బిగించిన చేత్తోనే!"

"మెల్లగా దిగుతావని..."

"ఏమిటీ?"

"ఆ దిగుడులో మెల్లగా దిగుతావని." అతను సంచి దింపాడు. "కిందటేడు నువ్వు పడ్డప్పుడు, ఫోనొచ్చేసరికి నేను లిఫ్టు పెట్టె నెత్తిన ఉన్నాను, రెండంతస్తుల మధ్య. ఫోను కింద సంచిలో మోగుతోంది. ఆగిపోతోంది, మళ్లీ మోగుతోంది. అన్నిసార్లు నాకెవరు చేస్తారు? దూకలేను, పెట్టెని మెల్లగా దింపుకుంటూ రావాలి. కిందకొచ్చేలోపు నువ్వు లేవనే అనుకున్నాను. ఏడ్చేశాను కూడా. నీకెప్పుడూ చెప్పలేదు."

ఆమె కోపం ఒక్క క్షణం తడబడింది. కానీ నెల రోజుల ఉక్రోషం అంత తేలిగ్గా పోతుందా?

"బ్రేకు పట్టేసిన లిఫ్టులో మనిషిని ఎక్కిస్తారా మీరు?"

"ఛ, ఎలా ఎక్కిస్తాను? మోటారు కాలిపోతుంది."

"కాలిపోయింది ఇక్కడ," అని గుండె మీద కొట్టుకుంది. "భయమేస్తోందని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెప్తే మానేసేదానివా?"

"మానేదాన్ని కాదు. కానీ ఆ భయం మీదేనని తెలిసేది. చేతకానితనం నాదనుకునేదాన్ని కాదు."

ఆమెకి కన్నీళ్లు ఆగలేదు.

అప్పటిదాకా నోరు వెళ్లబెట్టి వింటున్న అత్తగారు కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఒరేయ్, ఉండు. ఇన్నాళ్లూ ఆ బ్రేకుని ఈడ్చుకుంటూనే ఇది ఆ కొండ ఎక్కిందా?"

"ఎక్కిందమ్మా."

"ఇంతకింత బిగిస్తున్నా ఎక్కిందా?"

"ఎక్కింది."

"మరి నా కోడలు ముసలిదెక్కడరా? నువ్వే ముసలాడివి!"

ఏడుస్తున్న ఆమెకి నవ్వొచ్చేసింది. అతను నవ్వలేదు. పానా తీసి నేల మీద కూర్చున్నాడు. బోల్టు వదులు చేసి, రబ్బరు సరిచేసి, మళ్లీ బిగించాడు. చక్రాన్ని తిప్పితే అది చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది. పాత గీతలన్నీ గుడ్డతో రుద్ది రుద్ది చెరిపేశాడు. రంగు డబ్బా తీసి ఆమె చేతికిచ్చాడు.

"నువ్వు గీయి. గీశాక ఎవ్వరూ ముట్టుకోకూడదు. నేనైనా సరే."

ఆమె గీసింది. అలవాటు లేక గీత వంకర పోయింది. ఆ తర్వాత కోచ్‌కి ఫోను చేసి, పేరు ఉంచమంది. భర్తతో మాత్రం ఆ రాత్రి మాట్లాడలేదు.

పొద్దున్న ఆమె సాధనకి బయల్దేరబోతుంటే అతను తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఫోను చొక్కాజేబులో పెట్టుకుని.

"ఆ మలుపు దగ్గర నిలబడతాను. ఊరికే. చూస్తాను అంతే."

"అరవకూడదు."

"అరవను."

"'మెల్లగా' అనకూడదు."

అతను కష్టంగా తలూపాడు.

కొండ ఎక్కడం ఎప్పుడైపోయిందో ఆమెకే తెలియలేదు. ఇన్నాళ్లూ మోసిన బరువు లేకపోయేసరికి కాళ్లు వాటంతటవే తిరిగాయి. పైకి చేరగానే దిగుడు మొదలైంది. గాలి చెవుల్లో హోరెత్తింది. మలుపు దగ్గర రోడ్డు పక్కన అతను, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు, మాట జారకుండా.

మలుపు రాకముందే ఆమె బ్రేకు పట్టుకుంది. కావలసినంతే, తన చేత్తో తనే. సైకిలు చక్కగా ఒరిగి మలుపు తిరిగింది. అతన్ని దాటిపోతుంటే వెనకనుంచి పెద్ద ఏడుపులాంటి నవ్వు వినిపించింది.

ఆమె వెనక్కి చూడలేదు. బ్రేకు మీంచి వేళ్లు తీసేసి, ముందుకి తొక్కింది.