చదివితే చెరిగిపోయే రిజిస్టర్

ఏజెంట్ జవహర్ పొరపాటు చేసిన రోజు లేదు. అలాంటి రోజు ఒక్కటి ఎవరైనా చూపిస్తే మీసం తీయించుకుంటాను.

ఆ ఉదయం సూర్యాపేటలో, ఒక జిరాక్స్ షాపు వెనక గదిలో, చీఫ్ దావీదు జవహర్ ముందు ఫైలు తెరిచాడు.

"మిర్యాలగూడ. ఉప్పుడు బియ్యం మిల్లు. బాయిలర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను విదేశీ ముఠా మార్చేసింది."

"ఏం మార్చిన్రు సార్?"

"కంట్రోలర్‌లో ఒక్కో భాగానికి ఒక్కో అడ్రసు ఉంటది. మెమరీలో రాసినట్టే ఆ అడ్రసులో అంకె రాస్తే గాడ యంత్రం కదుల్తది. ఇప్పుడు ఆవిరి వాల్వ్‌కు రాయాల్సింది ఫ్యాన్‌కు రాస్తున్నది. మూడింటికి బాయిలర్ పేల్తది. లోపల అరవై మంది. అసలు అడ్రసు నందినికి తెల్సు."

నందిని ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. కోదాడ దాబాలో నల్లకళ్లద్దాలతో కూర్చుంది.

"పెసరట్టు ఉందా?" అన్నాడు జవహర్.

"ఉప్మా లేకుండానే," అంటూ లిప్‌స్టిక్ అందించింది. అందులో పెన్‌డ్రైవ్. "నలభయ్యో అడ్రసులో ఒకటి అని రాయి, వాల్వ్ తెరుచుకుంటుంది. నలభై నాలుగు జోలికి పోకు. అది సైరన్‌ను మోగించే అలారం రిజిస్టర్. ఒక్కసారి చదివితే చెరిగిపోతుంది."

"నాకే పాఠం చెప్తున్నవా?"

రెండు యాభై ఎనిమిదికి మిల్లులో సైరన్ మోగింది. కూలీలంతా బయటికి పరుగెత్తారు. హమాలీ వేషంలో ఉన్న జవహర్ కంట్రోలర్‌కు లాప్‌టాప్ తగిలించాడు. ఒకటి రాస్తే చాలు. కానీ పెద్ద ఏజెంటు కదా! ఒకసారి చూసుకుందామని నలభై నాలుగు చదివాడు.

సైరన్ టక్కున ఆగింది. నా మీసం కూడా అక్కడే పోయింది.

ప్రెజర్ తగ్గిందనుకుని బాయిలర్ ఆపరేటర్ బీరయ్య లోపలికి తిరిగొచ్చాడు. జవహర్ గబగబా నలభైలో ఒకటి కొట్టాడు. పేలడానికి ఒక్క సెకను ముందు వాల్వ్ తెరుచుకుంది. బుస్సుమన్న ఆవిరి బీరయ్య కుడిచేతిని కాల్చేసింది.

దవాఖానకు బయలుదేరుతూ కూడా బీరయ్య ఎడమచేత్తో దండం పెట్టాడు.

"నువ్వు లేకుంటే అందరం ఖతం సారూ! చెయ్యిదేముంది తియ్యి, మానుతది. సైదమ్మా, సారుకు జర చాయ్ పొయ్యి!" అని మిల్లు కూలీ సైదమ్మను కేకేశాడు.

జవహర్ తల ఎత్తలేకపోయాడు. "సైరన్ ఆపింది నేనే బీరయ్యా. తప్పు నాది," అన్నాడు.

ముఠా దొరికింది, మిల్లు దక్కింది. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, జవహర్ నోట పెట్టిన ఆ చివరి మాట. నిజానికి అతను చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి, బస్సెక్కాడు.