మంచు చూరు కింద

అక్టోబరు మొదటి శనివారం, పొద్దున ఎనిమిది గంటలు. మంచుకొండల అడుగున గుథీగా కార్ పార్కులో ఎండ హాయిగా కాస్తోంది; ఆస్ట్రేలియాలో చలికాలం అప్పుడే వెళ్లింది. కిరణ్మయి కారు డిక్కీ అంచున కూర్చుని స్కీ బూట్లు బిగించుకుంటోంది. ఆమె మొగుడు సాకేత్ ఫ్లాస్కులోంచి రెండో కప్పు టీ పోసుకుంటున్నాడు. టూంగాబీలో ఇల్లు, సిటీలో బ్యాంకు ఉద్యోగం, శనివారం పదింటిదాకా నిద్ర... అతనికి ఇవి చాలు. కొండలూ మంచూ ఆవిడగారి పిచ్చి. వారమంతా హాస్పిటల్‌లో జనానికి మత్తిచ్చే డాక్టరు, సెలవొస్తే ఒళ్లు విరగ్గొట్టుకునే చోటికే ఎందుకు పరిగెడుతుందో పెళ్లయిన ఆరేళ్లలో అతనికి అర్థం కాలేదు. గొణుగుతాడు. అయినా వస్తాడు.

బయల్దేరేముందు ఆవిడ బీకన్లు చూసుకుంటుంది. మంచులో కూరుకుపోయిన మనిషిని వెతికే యంత్రం అది, ఛాతీకి కట్టుకుంటారు. ఎప్పుడూ సిగ్నల్ పంపుతూ ఉంటుంది. ఒకరు కనబడకపోతే రెండోవాళ్లు తమదాన్ని సెర్చ్‌లో పెట్టుకోవాలి. అప్పుడు అవతలి మనిషి ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నదీ అంకె పడుతుంది. కిరణ్మయి తనది సెర్చ్‌లో పెట్టి, సాకేత్‌ని ఇరవై అడుగులు నడిపించి, అంకె పడ్డాక మళ్లీ మామూలుగా మార్చింది.

"ఆస్ట్రేలియాలో అవలాంచ్ ఏంటి, కొండమీంచి మంచు విరిగిపడ్డమేంటి మయీ, నీ చాదస్తం కాకపోతే," అన్నాడతను.

పొద్దున గాజులా గట్టిగా ఉన్న మంచు పదకొండింటికల్లా తడి ఉప్పులా అయింది. స్కీలు దిగబడుతున్నాయి. మధ్యాహ్నానికి గాలి దిక్కు మార్చుకుంది. మబ్బు కొండ మీద నుంచి కిందికి జారుతూ వచ్చింది.

"వెదర్ తేడాగా ఉంది. లెట్స్ గో బ్యాక్," అన్నాడు సాకేత్.

"ఇంత దూరం ఎక్కి వెనక్కా? గట్టు పైకెళ్లి అవతల స్లోప్ చూసొస్తా. పది నిమిషాలు. నువ్విక్కడే ఉండు."

ఇక్కడే అంటే, గట్టు అంచున గాలి పేర్చిన మంచు చూరు కింద. చలికాలమంతా పెరిగి, మనిషి ఎత్తున ముందుకు వేలాడుతోంది.

"దీని కిందా?" తలెత్తి చూశాడు.

"గాలి తగలదు. కదలకు."

విసుగ్గా అంది. ఆ విసుగు తనకే వినబడింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

గట్టు ఎక్కేసరికి మబ్బు కమ్మేసింది. పట్టపగలే, కానీ ఏమీ కనబడదు. ఆకాశం తెలుపు, నేల తెలుపు, తన స్కీల కొసలు కూడా కనబడ్డంలేదు. అప్పుడు కిందనుంచి ఒక చప్పుడు వచ్చింది. బరువైన బస్తా నేలమీద పడేసినట్టు. ఒక్కసారే.

తడుముకుంటూ దిగింది. ఆ మేర చూరు లేదు. దాని కిందుండాల్సిన చోట మంచు గడ్డలు కుప్పగా పడి ఉన్నాయి.

"సాకేత్?"

బీకన్‌ని సెర్చ్‌లో పెట్టింది. బీప్. ముప్పై ఒకటి. పదిహేను నిమిషాలు... మంచు కింద పడ్డ మనిషికి అంతకంటే టైముండదని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. పంతొమ్మిది. ఎనిమిది. మూడు. ఒకటి.

బ్యాగులోంచి మంచు లోతు తడిమే మడత కడ్డీ తీసి గుచ్చింది. గట్టిగా తగిలింది, మంచే. పక్కన గుచ్చింది. ఈసారి మెత్తగా తగిలింది. పార తీసి తవ్వింది. ఏడుస్తూ, తిట్టుకుంటూ తవ్వింది. నేనే కూర్చోబెట్టాను... నేనే. గుంట మోకాళ్ల లోతైంది, తొడల లోతైంది. మంచు తడిగా, సిమెంటు ముద్దలా ఉంది. ఎక్కడనుంచో టీ వాసన వచ్చింది.

"మయీ."

వెనకనుంచి.

తిరిగి చూసింది. నాలుగడుగుల దూరంలో సాకేత్ నిలబడి ఉన్నాడు. అదే ఎర్ర జాకెట్, ఒళ్లంతా మంచు. ఆవిడ పార వదిలేసి అతన్ని వాటేసుకుంది.

"ఎక్కడికెళ్లావు నువ్వు..."

"పక్కకి వెళ్లాను. పద, పోదాం."

తన ఛాతీ మీద బీకన్ ఇంకా కూస్తూనే ఉంది, గుంటవైపే చూపిస్తూ. ఒకటి. ఒకటి. ఒకటి.

"మరి కిందున్నదెవరు?"

"ఎవరోలే. మిగతా చూరు కూడా పడేలా ఉంది. పద."

ఎవరైనా సరే, తవ్వాలి. డాక్టరుగా అది ఆవిడకి తెలుసు. కానీ చేయి పట్టుకుని సాకేత్ నిలబడి ఉన్నాడు, నిలువెత్తు మనిషి. కిందున్నది ఎవరైనా తన సాకేత్ కాదు, ఆ క్షణాన ఆవిడకి అదే చాలనిపించింది. సిగ్గుపడుతూనే స్కీలు తొడుక్కుంది.

దిగుతుంటే మంచు మళ్లీ గడ్డకట్టడం మొదలైంది. గరగరమని కోస్తోంది. వెనకే వస్తున్నాడు. ఆగి చూసిన ప్రతిసారీ అక్కడే ఉన్నాడు, నాలుగడుగుల దూరంలో. ఎప్పుడూ గొణిగే మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. భయపడ్డాడులే అనుకుంది. ఆవిడ ఆగితే గరగర కూడా ఆగిపోయేది... ఒక్కరి చప్పుడే.

కార్ పార్కు చేరేసరికి గంట పైనే అయింది. మంచు కింద ఎవరో ఉన్నారని పార్కు రేంజర్లకు ఫోన్ చేద్దామని జాకెట్ జిప్పు తీసింది. చూస్తే బీకన్ ఇంకా సెర్చ్‌లోనే ఉంది. అంకె లేదు. చప్పుడు లేదు.

పక్కనే సాకేత్ ఉన్నాడు.

"నీ బీకన్ ఆన్‌లోనే ఉందా?" మెల్లిగా అడిగింది.

"ఉంది," అని ఛాతీ తట్టుకున్నాడు.

యంత్రాన్ని అతని జాకెట్‌కి ఆనించింది. తెర ఖాళీగానే ఉంది. బ్యాటరీ చూసింది. నిండుగా ఉంది. కొండ మీద తవ్వుతున్నప్పుడు ఒక్క అంకే పడింది. అతను పక్కనే నిలబడ్డాక కూడా... ఒక్కటే. కింద ఒకరు, పక్కన ఇతనూ ఉంటే రెండు అంకెలు పడాలి కదా. సిగ్నల్ వచ్చినదంతా ఆ గుంటలోంచే. పొద్దున సాకేత్‌కి తనే కట్టి, తనే చూసిన బీకన్. గడియారం చూసుకుంది. పదిహేను నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి.

కొండవైపు తిరిగింది. మబ్బులో ఏమీ కనబడలేదు.

అతను దగ్గరికొచ్చి, చెవి దగ్గర, ఓదారుస్తున్నట్టుగా అన్నాడు.

"ఇంకో జానెడు తవ్వుంటే అందేవాడు మయీ."