ఖాళీ కుర్చీల చప్పట్లు

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మీ బావ రేపటి ప్రసంగం చదివి చూసుకుంటున్నార్రా. అయ్యాక మనం ముగ్గురం కలిసి భోంచేద్దాం, సభ జరిగే హాలుకి రా."

వెళ్ళాను. ఆ ప్రసంగం ఆపించి, అక్కని ఇంటికి తెచ్చుకుందామనే వెళ్ళాను. అధినేతకి మాటలు రాసేది మా బావ. రేపటితో ఎన్నికలు రద్దు. ఆ ముక్క తియ్యగా చెప్పే పని బావది. ఓటు ఒక భారమట! నేను కూడలిలో నిలబడి "నియంతృత్వం నశించాలి" అని గొంతు చించుకుంటే నలుగురు ఆగారు, అందులో ఇద్దరు బస్సు కోసం. సొంత అక్క కూడా బావ వాక్యాలే కంఠతా పట్టింది. నావి ఒక్కటీ కాదు.

వేదిక మీద ఒకటే దీపం. తడిసిన తివాచీ వాసన. మనిషి లేవగానే సీటు టక్కున పైకి ముడుచుకునే కుర్చీలు, వరసలు వరసలుగా ముడుచుకునే ఉన్నాయి. ముందు వరసలో అక్క ఒక్కతే. నేను చివరి వరసలో కూర్చున్నాను.

"ఏం విప్లవం, వచ్చావా?" మైకులో నవ్వాడు బావ. "తప్పులుంటే చెప్పు."

"మొత్తం తప్పే బావా. ఆపెయ్."

"పిచ్చోడా, 'మనం' అన్నామంటే జనం దేనికైనా ఊఁ కొడతారు. విను."

గొంతు సవరించుకున్నాడు. "ఓటు భారం దించుకుందాం. మన దేశాన్ని మనమే కాపాడుకుందాం."

హాలు తిరిగి పలికింది. "మా దేశాన్ని... మేమే కాపాడుకుంటాం..."

బావ మైకు తట్టి చూశాడు. "మనం."

"మేము..."

ఆ వెంటనే చప్పట్లు. ఖాళీ వరసల్లోంచి, వాన దగ్గరికొస్తున్నట్టు.

ముందు నాకు భయం వేయలేదు. కడుపు మండింది. నాకు మనుషులు కొట్టని చప్పట్లు ఈయనకి కుర్చీలు కొడుతున్నాయి!

అప్పుడు చూశాను. సీట్లు... ఒక్కొక్కటే... కిందికి వాలుతున్నాయి.

పరుగెత్తి అక్క చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "లే అక్కా. మనం ఇంటికి పోదాం."

నేను పట్టుకోని చెయ్యి గాల్లో ఆడుతూనే ఉంది. చప్పట్లు కొడుతున్నట్టు.

"నువ్వెళ్ళరా," గుసగుసలాడింది. "మేము తర్వాత వస్తాం."

మేము. ఫోన్లో అన్న 'మనం'లో నేనున్నాను. ఇందులో లేను.

వేదిక మీద బావ పెదవులు మూసుకునే ఉన్నాయి. మైకు మాత్రం చదువుతోంది.

తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. చివరి వరసలో నేను లేచి వచ్చిన కుర్చీ... సీటు పైకి లేవలేదు.

బయట వీధి దీపం కింద ఆగి ఆయాసం తీర్చుకున్నాను. చేతులు మండుతుంటే చూసుకున్నాను.

రెండు అరచేతులూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.